సున్నాతో తృప్తిపడని మేడమ్ గారికి

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూలై నెల ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన మురుగునీటి శుద్ధి కేంద్రపు ప్రయోగశాలలో జూనియర్ అనలిస్టుగా ఒక పాతికేళ్ళ యువతి ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి ప్రయోగశాల అంటే పంపుల గదిని ఆనుకొని ఉన్న ఒకే ఒక్క గది. పెద్ద పంపు తిరిగినప్పుడల్లా బల్లమీది గాజు సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి. సూక్ష్మదర్శినిలో ఏదైనా చూడాలంటే పంపు ఆగేదాకా ఓపిక పట్టవలసిందే. "ఇక్కడ కూర్చుని ఏం చూడగలవమ్మా?" అని ఆనాటి ప్రయోగశాల అధికారి జాలిపడితే, "పంపు ఆగే వేళలు రాసివ్వండి సార్, ఆ వేళకే చూస్తాను" అన్నారట ఆమె. ముప్పయి మూడేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రధాన సూక్ష్మజీవ శాస్త్రవేత్తగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని మనసారా అభినందించే అవకాశం ఈ సంచికకు దక్కడం మనందరి భాగ్యం.

మన ఊరు వాడి వదిలేసిన నీరంతా, ఇళ్ళ స్నానాల గదుల నుండీ, హోటళ్ళ వంటశాలల నుండీ, మూడు ఆసుపత్రుల వార్డుల నుండీ, గొట్టాల గుండా ఈ కేంద్రానికి చేరుతుంది. మనం శుద్ధి చేసి నదిలో విడిచిన నీటినే పద్నాలుగు కిలోమీటర్ల దిగువన మరొక పట్టణం తోడుకొని, తన వంతు వడగట్టుకొని తాగుతుంది. ఈ సంగతి మనకందరికీ తెలుసు. కాని దాన్ని ప్రతి దినమూ మనసులో పెట్టుకొని పనిచేసినవారు మేడమ్ గారు. కొత్తగా చేరినవారెవరైనా "మన నీళ్ళు నదిలోకే కదా మేడమ్, ఎవరు తాగొచ్చారు?" అంటే, వారిని వెంటబెట్టుకొని ఆ పట్టణానికి బస్సులో తీసుకువెళ్ళి, ముక్కూమొహం తెలియని ఒక ఇంటి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగి, తానూ తాగి, వారిచేతా తాగించి తీసుకువచ్చేవారు. ఆ ప్రయాణం చేసివచ్చినవారు మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు.

తొలి సంవత్సరాలలో ఆమె గమనించిన మొదటి లోపం గడియారానికి సంబంధించినది. క్రిములను చంపే క్లోరిన్ రోజంతా ఒకే ధారగా పడుతుండేది. నీరు మాత్రం ఊరంతా స్నానాలు చేసే ఉదయం వేళ పోటెత్తి వచ్చేది. ఆ రెండు గంటలూ క్రిములు తప్పించుకొని నదిలోకి పోతున్నాయని ఆమెకు అనుమానం కలిగింది. నలభై రోజులపాటు, అరగంటకొకసారి, శుద్ధి చేసిన నీరు నదిలోకి వెళ్ళే నిర్గమ ద్వారం వద్ద నిలబడి నమూనాలు పట్టి, ఒక పొడవాటి పటం గీసి అధికారి బల్లమీద పరిచారు. అప్పటినుండి నీటి ఉరవడిని బట్టి క్లోరిన్ మోతాదు మారేలా ఏర్పాటు జరిగింది. తొంభై తొమ్మిదవ సంవత్సరం నుండి మన నిర్గమ జలంలో జీవించివున్న హానికర క్రిముల సంఖ్య సున్నా. నాటినుండి ఆమె పేరు మనకందరికీ "సున్నా మేడమ్" అయింది. "మీ అమ్మాయికి లెక్కల్లో సున్నా వచ్చినా సంబరపడతారేమో మేడమ్" అని క్యాంటీన్‌లో ఆటపట్టిస్తే, "లెక్కల్లో వస్తే వీపు విమానం మోతే. నీళ్ళలో వస్తే ముద్దులాడతా" అని ఆమె కూడా నవ్వేవారు.

అభినందన వ్యాసమనగానే గుణాలను మాత్రమే ఏకరువు పెట్టడం ఆనవాయితీ. మేడమ్ గారికి అది నచ్చదు గనుక ఒక మాట చెప్పక తప్పదు. ఆమెతో పనిచేయడం నల్లేరుమీద నడక కాదు. సీసామీద చీటీలో గంట రాసి నిమిషం రాయకపోతే ఆ నమూనాను తిరిగి పంపించేవారు. "దాదాపు" అన్న మాట రాసిన నివేదిక ఆమె బల్లమీదినుండి ఎర్రసిరా చుట్టుకొని వెనక్కి వచ్చేది. ఆమె చేతి కింద కన్నీళ్ళు పెట్టుకున్నవారు మనలో కొందరున్నారు. వారే ఈ సన్మాన సంఘంలో ముందు వరుసలో కూడా ఉన్నారు.

రెండు వేల పదకొండవ సంవత్సరంలో జరిగిన ఒక దుర్ఘటన ఆమె వృత్తిజీవితాన్ని మలుపు తిప్పింది. అప్పటికే పాతికేళ్ళుగా ఈ కేంద్రంలోని ప్రతి వాల్వునూ తన చేతులతో విప్పి బిగించిన మన పెద్ద మేస్త్రి గారికి, తుప్పుపట్టిన ఇరుసు జారి ఎడమ అరచేయి చీరుకుపోయింది. చిన్న గాయమే అనుకున్నారు. పదకొండో రోజుకు చేయి మోచేతిదాకా వాచి, జ్వరంతో ఆసుపత్రిలో పడ్డారు. చూడబోయిన మేడమ్ గారిని వార్డు బయట నడవాలో ఆపి, శస్త్రచికిత్స చేసే డాక్టరమ్మ గారు విషయం చెప్పారు.

"మూడు మందులు మార్చామండీ. ఆ క్రిమి దేనికీ లొంగలేదు. ఇంకొక్కటే మిగిలింది. అదీ పనిచేయకపోతే చెయ్యి తీసేయాలి."

"అంత మొండి క్రిమి ఎక్కడ పట్టుకుందండీ?"

"అది మీరే చెప్పాలి. రోజూ ఆయన చేతులు పెట్టే నీళ్ళు మీవే కదా."

డాక్టరమ్మ గారు నిష్ఠూరంగా అనలేదు, అలసటతో అన్నారు. అయినా ఆ మాట మేడమ్ గారి గుండెలో ములుకులా దిగింది. పన్నెండేళ్ళుగా ప్రతి సాయంత్రమూ తాను సంతకం పెడుతున్న సున్నా ఆమె కళ్ళముందు నిలిచింది. అదృష్టవశాత్తు నాలుగో మందు పనిచేసింది. ఉంగరపు వేలు ఒక్కటి పోయింది; చేయి దక్కింది, మనిషి దక్కాడు. మేస్త్రి గారు ఇంటికి చేరిన వారంలోనే, ఆ క్రిమికి మందులను ఎదిరించే శక్తినిచ్చిన జన్యువు ఏదో ఆసుపత్రి నివేదికలో చూసి రాసుకొని, మేడమ్ గారు మన నీటిలో దానికోసం వెతకడం ప్రారంభించారు.

జన్యువులను లెక్కించే యంత్రం అప్పట్లో మన దగ్గర లేదు. ఊరికి ఆ చివర కళాశాలలో ఒకటి ఉండేది. వారానికి రెండు మధ్యాహ్నాలు దాన్ని వాడుకునేందుకు అనుమతి సంపాదించి, మంచుపెట్టెను ఒళ్ళో పెట్టుకొని, రెండు బస్సులు మారి వెళ్ళివచ్చేవారు. మూడు నెలల తరువాత ఫలితాల కాగితం పట్టుకొని ముఖ్య ఇంజనీరు గారి గదిలోకి అడుగుపెట్టారు.

"క్రిములు సున్నా అని మీరే రాశారు కదా మేడమ్. మళ్ళీ ఈ తలనొప్పి ఏంటి?" అన్నారాయన.

"క్రిములు సున్నానే సార్. దొంగ చచ్చాడు. కానీ తాళం తీసే కిటుకు రాసిన కాగితం వాడి జేబులోంచి జారి వీధిలో పడుంది. బతికున్న ఇంకో దొంగ దాన్ని ఏరుకుంటే, వాడికీ ఆ విద్య వచ్చేస్తుంది. మనం చచ్చిన దొంగల్ని లెక్కపెడుతున్నాం గానీ, కాగితాల్ని లెక్కపెట్టడం లేదు."

"అయితే మేస్త్రికి ఇక్కడే అంటుకుందంటారా?"

"అనలేను సార్. ఇక్కడే అంటుకుందో, ఆసుపత్రిలో అంటుకుందో చెప్పే ఆధారం నా దగ్గర లేదు. ఇక్కడ అంటదు అని మాత్రం ఇక మీద సంతకం పెట్టలేను."

ముఖ్య ఇంజనీరు గారు ఆలోచించి, తక్షణం ఏమి చేయవచ్చో చెప్పమన్నారు. ఉన్న సాధనం క్లోరిన్. దాని మోతాదు రెట్టింపు చేసి, నీటిని తొట్టిలో మరింతసేపు నిలిపితే జన్యువులు కూడా నశిస్తాయని మేడమ్ గారు సిఫారసు చేశారు. అలాగే అమలు చేశారు. మన కేంద్రం ఒక కొత్త ముప్పును గుర్తించి పరిష్కరించిందని పత్రికలో వార్త వచ్చింది. ఆ వార్తను ఫ్రేము కట్టించి సమావేశ మందిరంలో గోడకు తగిలించారు. పై అధికారుల నుండి మేడమ్ గారికి ప్రశంసాపత్రం అందింది.

మరొకరైతే అక్కడితో ఆగేవారు. ఆమె లెక్కపెట్టడం ఆపలేదు. ఆరు నెలలు గడిచేసరికి అంకెలు ఎదురు తిరగసాగాయి. క్రిముల శరీరాలలో దాగిన జన్యువులు తగ్గిన మాట నిజమే గాని, శరీరాలు పగిలి నీటిలోకి విడివడిన జన్యువులు పెరుగుతున్నాయి. అంటే తన సలహా దొంగల జేబులు చింపి కాగితాలను ఊరంతా వెదజల్లుతున్నదన్నమాట. తొందరపడి ఎవరితోనూ అనకుండా, పదహారు వారాలు వరుసగా నమూనాలు దాచి, అన్నిటినీ ఒక్కసారిగా పరీక్షించి నిర్ధారించుకోవాలని సంకల్పించారు.

ఇక్కడే, బంధుమిత్రులకు తెలిసినా సహోద్యోగులలో చాలామందికి తెలియని ఒక ముచ్చట చెప్పాలి. పదకొండో వారంలో ప్రయోగశాల ఫ్రిజ్ మొరాయించింది. వడగట్టి, గట్టిగా మూతలు బిగించిన ఆ సీసాలను రెండు సంచులలో చుట్టి, మరమ్మతు అయ్యేవరకు రెండు రోజులపాటు మేడమ్ గారు తమ ఇంటి ఫ్రిజ్‌లో పై అరలో ఉంచారు. అది నిబంధనలకు విరుద్ధమని తెలిసి, ఆ సంగతి తామే కాగితంమీద రాసి అధికారికి పంపారు. మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్ళి చూస్తే అర ఖాళీగా ఉంది.

"అత్తయ్యా, పైన సీసాలుండాలే?"

"నీళ్ళేగా అమ్మా? ఎన్నాళ్ళ నీళ్ళో ఏమో అని కుండీల్లో పోసేశాను. సీసాలు కడిగి బోర్లించా చూడు, ఎలా తళతళలాడుతున్నాయో!"

మేడమ్ గారు వంటింటి గడపమీద కూలబడ్డారు. డ్రాయింగు మాస్టారైన భర్తగారు పరుగున వచ్చి, ఒకసారి తల్లినీ ఒకసారి భార్యనూ చూసి, ఏ మాట అంటే ఎవరికి కోపం వస్తుందో తేల్చుకోలేక వెనక్కి వెళ్ళిపోయారట. ఆమె నోట వచ్చిన మొదటి మాట: "అత్తయ్యా, ముందు మీరు చేతులు సబ్బుతో కడుక్కోండి." మర్నాడు ఆరు పూలకుండీలను బండిలో ఎక్కించి కేంద్రానికి తెచ్చి, మట్టిని ఆవిరిలో ఉడికించి, మొదటి వారం నుండి మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. విషయం తెలిసిన అత్తగారు ఎంతో నొచ్చుకున్నారు. ఆ తరువాత ఇంటికి వచ్చిన చుట్టాలెవరైనా ఫ్రిజ్ తలుపుమీద చెయ్యి వేస్తే, "పై అర ముట్టుకోకు. అది మా కోడలి నది" అని గదమాయించేవారు. ఆ అరలో అప్పటికి టమాటాలు తప్ప ఏమీ లేవు.

పదహారు వారాలు పూర్తయ్యాయి. అంకెలు మారలేదు. సమావేశ మందిరంలో, ఫ్రేము కట్టిన ఆ పత్రికా వార్త కిందనే నిలబడి, మేడమ్ గారు కాగితం చూడకుండా చెప్పారు.

"పోయినేడాది నేనిచ్చిన సలహా తప్పు. మేలు జరగలేదు, కీడు జరిగింది. క్లోరిన్ పాత మోతాదుకి తగ్గించండి."

"పత్రికలో వచ్చేసింది మేడమ్!" అన్నారు ముఖ్య ఇంజనీరు గారు, గోడవైపు చేయి చూపిస్తూ. "ఊరంతా చదివారు!"

"పత్రికలో వచ్చిన సంగతి నీళ్ళకి తెలియదు కదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముఖ్య ఇంజనీరు గారు నవ్వలేదు. ప్రశంసాపత్రాన్ని ఆమె మర్యాదగా ఆయన ముందు ఉంచి బయటికి నడిచారు. అటుపైన రెండు నెలలు వారిద్దరి మధ్య మాటలు లేవు, కాగితాలే నడిచాయి. ఆ రెండు నెలల్లో ఆమె బరువు తగ్గారని, తిండి సరిగా తినలేదని, రాజీనామా లేఖ ఒకటి రాసి సంచిలో పెట్టుకు తిరిగారని భర్తగారు ఈ మధ్యనే చెప్పారు. ఒక మధ్యాహ్నం ముఖ్య ఇంజనీరు గారే ప్రయోగశాలకు వచ్చారు. ఎత్తుపీట ఒకటి లాక్కొని కూర్చుని, సీసాలను కాసేపు చూసి, "తప్పని ఒప్పుకున్నారు, బాగుంది. ఇప్పుడు ఒప్పేంటో కూడా మీరే చెప్పాలి" అన్నారు. అదే వారంలో క్లోరిన్‌ను పాత మోతాదుకు తగ్గించి, మూలనపడి ఉన్న పాత వడపోత షెడ్డు తాళం ఆమె చేతికి ఇచ్చారు. నేడు విశ్రాంత జీవితం గడుపుతూ, ఈ సన్మాన సభకు అధ్యక్షత వహించడానికి సమ్మతించిన ఆ మహనీయునికి కూడా మన నమస్సులు.

షెడ్డును బాగుచేయించి సామగ్రి సమకూర్చుకునేసరికి రెండేళ్ళు గడిచాయి. రెండు వేల పదిహేను నుండి నాలుగేళ్ళపాటు ఆ షెడ్డు మేడమ్ గారికి రెండో ఇల్లయింది. నీటిని ఇసుకలోంచి పంపి చూశారు, బొగ్గులోంచి పంపి చూశారు, అతినీలలోహిత కిరణాల కింద ప్రవహింపజేసి చూశారు. ఏ ఒక్కటీ విడిగా సరిపోలేదు. చివరకు నిలిచిన పద్ధతి చూడడానికి సులభమే. ముందుగా నీటిలో పటిక కలిపితే, విడివడి తిరుగుతున్న జన్యువులు దాని తరకలకు అంటుకొని ముద్దకడతాయి. ఆ ముద్దలను, పగలని క్రిములను, అతిసూక్ష్మ రంధ్రాలు గల పొర అడ్డగిస్తుంది. దాన్నికూడా దాటినవాటిని తీవ్రమైన కిరణాలు ఛిద్రం చేస్తాయి. ఏ నీటికి ఎంత పటిక, పొరను ఎంతసేపటికొకసారి నీళ్ళు ఎదురు పంపి వెనక్కి కడగాలి అన్నది తేల్చడానికే ఆమెకు రెండేళ్ళు పట్టింది.

ఫలితాలు చేతికి వచ్చి, నివేదిక అచ్చుకు సిద్ధమైన రోజున, తొమ్మిది వేళ్ళతో తిరిగి పనిలో చేరిన పెద్ద మేస్త్రి గారు షెడ్డు గుమ్మంలో నిలబడి తటపటాయిస్తూ అడిగారు.

"అమ్మా, ఓ మాట అడగనా? ఈ పొర ఆపేసినవన్నీ ఎక్కడికి పోతున్నాయి?"

"వెనక్కి కడిగిన నీళ్ళలోకి పోతాయి మేస్త్రి గారూ."

"ఆ నీళ్ళు మళ్ళీ మొదటి తొట్టిలోకే పోతున్నాయి కదమ్మా. ఆ వాల్వు తిప్పేది నేనే."

మేడమ్ గారు చేతిలోని కలం బల్లమీద పెట్టేశారు. నాలుగేళ్ళుగా చదువుకున్నవారెవరికీ తట్టని ప్రశ్న అది. కొలిచి చూస్తే ఆయన అనుమానం అక్షరాలా నిజం. పట్టిన జన్యువులు గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటికే వచ్చి, రోజురోజుకూ పేరుకుంటున్నాయి. అచ్చుకు వెళ్ళవలసిన నివేదికను ఆమె వెనక్కి తెప్పించారు. కడిగిన నీటిని వేరుచేసి, దాని మడ్డిని మూసిన తొట్టిలో అధిక వేడిమి వద్ద ఉడికించే ఏర్పాటు చేయడానికి మరొక సంవత్సరం పట్టింది. ఆ నివేదిక మొదటి పుటలో, శాస్త్రవేత్తల పేర్ల సరసన, వాల్వుల మేస్త్రి గారి పేరు అచ్చయి ఉంది. తన పేరు చదువుకోవడానికి ఆ పుస్తకాన్ని ఆయన తలకిందులుగా పట్టుకున్నారని క్యాంటీన్‌లో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆయన దాన్ని తిన్నగానే పట్టుకున్నారు. కళ్ళు నీళ్ళతో నిండి కనబడక, మేడమ్ గారిని చదివి వినిపించమన్నారు.

రెండు వేల ఇరవై ఒకటవ సంవత్సరంలో పూర్తిస్థాయి విభాగం ప్రారంభమైంది. నాడు ప్రతి లక్ష జన్యువులలో సగానికి పైగా నదిలోకి పోతుండగా, నేడు వంద దాటడం అరుదు. దిగువ పట్టణపు జలాశయంలోనూ ఆ సంఖ్య ఏటా తగ్గుతూ వస్తున్నది. ఆరోగ్యవంతులైన ఆ పట్టణవాసులకు మేడమ్ గారెవరో తెలియదు. తెలియవలసిన అవసరం రాకపోవడమే ఆమె సాధించిన విజయం. గత వార్షిక నివేదికలో ఒక యువ ఉద్యోగి "జన్యువులు పూర్తిగా తొలగించబడినవి" అని రాస్తే, ఎర్రసిరాతో కొట్టివేసి, "మనం వెతికిన జన్యువులు, మనం కొలవగలిగినంత మేరకు" అని పైన రాశారు.

ఈ సంచిక సన్నాహాలలో భాగంగా, జ్ఞాపికగా ఏమి కోరుకుంటారని సన్మాన సంఘం వారు ఆమెను అడిగారు. శాలువా వద్దన్నారు, వెండి పళ్ళెం వద్దన్నారు. రోజువారీ పరీక్షల పట్టికలో కుడివైపు ఒక గడి అదనంగా గీయించమన్నారు. "ఆ గడి మీద 'సందేహం' అని రాయండి. ఆ రోజు పనిచేసినవాళ్ళకి ఏదైనా తేడాగా అనిపిస్తే, ఆధారం లేకపోయినా సరే, అందులో రాయాలి. మేస్త్రి అయినా, ఊడ్చేవాళ్ళయినా, ఎవరైనా. రాసినందుకు ఎవరూ వాళ్ళని ఏమీ అనకూడదు." వచ్చే నెల ఒకటో తేదీ నుండి ఆ కొత్త పట్టిక అమలులోకి వస్తుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

ఇన్నేళ్ళూ ఇంటిని కాచుకొని, ఆమె ఆలస్యాలను సహించిన డ్రాయింగు మాస్టారు గారికి, ఎనభై ఏడేళ్ళ వయసులోనూ సభకు వస్తానని పట్టుబట్టిన అత్తగారికి, చిరంజీవులైన కుమార్తెకు, అల్లుడికి మన కేంద్రం పక్షాన కృతజ్ఞతాపూర్వక వందనాలు. మేడమ్ గారు కళ్ళకు వెలుగు తగ్గకుండా, మోకాళ్ళకు నొప్పి రాకుండా, ఏ మందుతోనూ అవసరం పడకుండా, పడినా మొదటి మందుకే నయమయ్యేలా నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాము. ఇక మీదట ఆమె మనసులో మెదిలే సందేహాలు, ఈ పూట నడకకు వెళ్ళాలా, మరో అరగంట పడుకోవాలా అన్నంతటివే అయి ఉండాలనీ, ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా అదే సరైన సమాధానం కావాలనీ మనసారా కోరుకుంటున్నాము.